మూరెడు దూరంలో పోయిన పతకం: కేంద్ర క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి శ్రీ మన్‌సుఖ్ మాండవీయ గారికి నమస్కారం.

నేను సర్కారు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఊళ్లో అందరూ పీఈటీ సార్ అంటారు. 2025 సెప్టెంబరు 18న, టోక్యో ప్రపంచ అథ్లెటిక్స్‌లో జావెలిన్ ఫైనల్ మొదలయ్యేసరికి మా బడిలో ఆఖరి పీరియడ్ నడుస్తోంది. పదో తరగతి పిల్లలు పదిహేను మంది నా ఫోన్ చుట్టూ మూగారు. అందరూ నీరజ్ చోప్రా కోసమే. కానీ తొలి విసురులోనే 86.27 మీటర్లు వేసి అరుపులు పెట్టించింది మన ఇంకో ఆటగాడు సచిన్ యాదవ్. చివరికి నాలుగో స్థానం. కాంస్యం గెలిచిన అమెరికా కుర్రాడు విసిరింది 86.67. నేను టేపు తీసి నేల మీద నలభై సెంటీమీటర్లు కొలిచి చూపించాను. మూరెడు కూడా లేదు. ఒక పిల్లవాడు తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుని, 'ఇంతేనా సార్' అన్నాడు.

నీరజ్ 84.03తో ఎనిమిదో స్థానంలో ఆగిపోయాడు. 2021లో 87.58తో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది ఆ స్టేడియంలోనే. నడుం నొప్పితో దిగానని తర్వాత తనే చెప్పాడు. అతణ్ణి తప్పుపట్టడానికి నోరు రాదు. 1983 నుంచి జరుగుతున్న ఈ పోటీల్లో మన దేశానికి వచ్చినవి మూడే పతకాలు. 2003లో లాంగ్‌జంప్‌లో అంజూ బాబీ జార్జ్ తెచ్చిన కాంస్యం పక్కన పెడితే, మిగతా రెండూ అతనివే.

19 మంది వెళ్లి ఒక్క పతకమూ లేకుండా తిరిగొస్తే టీవీల్లో 'ఘోర వైఫల్యం' అన్నారు. నా లెక్క వేరు. సచిన్ ఆ రోజు తన జీవితంలోనే ఎక్కువ దూరం విసిరాడు. హైజంప్‌లో సర్వేశ్ కుశారే 2.28 మీటర్లు దూకి ఆరో స్థానంలో నిలిచాడు. అదీ అతని జీవితంలో అత్యుత్తమమే. ఆటగాడి నుంచి అంతకంటే ఏం అడుగుతాం? నా బాధ మిగతావాళ్ల గురించి. ప్రవీణ్ చిత్రవేల్ ఏప్రిల్‌లో కొచ్చిలో 17.37 మీటర్లు ట్రిపుల్ జంప్ చేశాడు, టోక్యోలో 16.74. అనిమేష్ కుజూర్ మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 200 మీటర్లు 20.32 సెకన్లలో పరిగెత్తాడు, టోక్యోలో 20.77. చదివేవాళ్లకు అర సెకను కూడా కాదనిపిస్తుంది. ట్రాక్ మీద అది నాలుగు మీటర్లకు పైనే. వీళ్లు ఓడింది అమెరికావాళ్ల మీదో జమైకావాళ్ల మీదో కాదు, నాలుగైదు నెలల కిందటి తమ మీదే.

ఇదెలా జరుగుతుందో నాకు కొంత తెలుసు, చిన్న స్థాయిలో. ఆరేడేళ్ల కిందట మా బడి కుర్రాడొకడు వంద మీటర్లు 11.2లో కొట్టాడు. సున్నం గీతల మధ్య మట్టి గ్రౌండు, చేతిలో స్టాప్‌వాచ్. రాష్ట్ర మీట్‌కు తీసుకెళ్తే అక్కడ ఎలక్ట్రానిక్ టైమింగ్, సింథటిక్ ట్రాక్. స్టార్టింగ్ బ్లాక్‌లో కాలు పెట్టడం వాడికి అదే మొదటిసారి. 11.7 వచ్చింది. చేతి గడియారంలో పావు సెకను దాకా మనకే కలిసొస్తుందని కోచ్‌లందరికీ తెలుసు. మిగతా పావు సెకను? అది టెన్షన్, అది అలవాటు లేకపోవడం. 'సార్, నా టైమ్ ఎటు పోయింది' అని ఏడ్చాడు. నా దగ్గర జవాబు లేదు.

టోక్యో గురించి మిమ్మల్ని అడుగుతున్నదీ అదే ప్రశ్న. వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఆ ఏడాది ఉత్తమం ఎక్కడొచ్చింది, టోక్యోలో ఎంత చేశారు, తేడా ఎందుకొచ్చింది? సమీక్ష జరిపే ఉంటారు. దాన్ని మామూలు భాషలో జనం ముందు పెట్టండి. మా అనుమానం ఏంటంటే, మన ఆటగాడి ఏడాదంతా అర్హత మార్కు అందుకోవడానికో ర్యాంకింగ్ పాయింట్ల కోసమో కరిగిపోతోంది. అసలు రోజుకు ఒంట్లో ఏమీ మిగలడం లేదు. గుమి ఆసియా పోటీల్లో 24 పతకాలు వచ్చాయని మనం పండగ చేసుకున్నాం. ఖాళీ స్టేడియంలో జాతీయ గీతం వస్తుంటే కంటతడి పెట్టిన మన విశాఖ హర్డిల్స్ అమ్మాయి జ్యోతి యర్రాజిని చూసి మేమూ ఏడ్చాం. జులై దాటేసరికి ఆమె మోకాలు పోయింది. అక్కడే స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు, నీటి గుంట దాటే పరుగు) స్వర్ణం తెచ్చిన అవినాశ్ సాబ్లే మోకాలూ ఆ నెలలోనే పోయింది. ఇద్దరూ టోక్యో వెళ్లలేదు. దురదృష్టమేనా, పని భారమా? ఫిజియోలు ఎంతమంది, ఎవరి వెంట ఎన్ని రోజులు ఉన్నారు? చెప్పండి.

బెంగళూరులో నీరజ్ పేరు మీద జరిగిన జావెలిన్ మీట్, ఆగస్టులో భువనేశ్వర్‌లో జరిగిన కాంటినెంటల్ టూర్ అనే అంతర్జాతీయ మీట్ మంచి పనులు. విదేశీయుల పక్క లేన్‌లో పరిగెత్తడం ఇంటి దగ్గరే అలవాటవుతుంది. అలాంటివి ఏడాదికి ఒకటీ రెండూ చాలవు.

ఇంకో మాట, కాస్త చేదుది. 2024కు వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) ఇచ్చిన లెక్కల్లో మన దగ్గర 7,113 శాంపిళ్లు పరీక్షిస్తే 260 పాజిటివ్. 2023లో ఢిల్లీ రాష్ట్ర పోటీల్లో డోపింగ్ అధికారులు వచ్చారని తెలిసి వంద మీటర్ల ఫైనల్‌కు ఒకే ఒక్కడు మిగిలాడు. టోక్యో వెళ్లినవాళ్లను అనడం లేదు. కానీ ఇంట్లో వచ్చిన అంకెలను మనమే అనుమానంగా చూసుకునే గతి పట్టాక, నిజాయితీగా కష్టపడే పిల్లకే ఎక్కువ అన్యాయం.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. 2036 ఒలింపిక్స్ కూడా కావాలంటున్నారు. సంతోషం. ఈలోగా ప్రతి జిల్లా మీట్‌కు ఒక ఎలక్ట్రానిక్ టైమింగ్ సెట్టు, నాలుగు జతల స్టార్టింగ్ బ్లాకులు పంపించగలరా? క్రీడలు రాష్ట్రాల పరిధి అంటారని తెలుసు. ఆ మాట పైనుంచి కిందికి, కిందినుంచి పైకి విని విని నా తల నెరిసింది.

కుశారే చిన్నప్పుడు నాసిక్ దగ్గరి పల్లెలో, మొక్కజొన్న పొట్టు లాంటివి నింపిన పరుపు మీద దూకడం నేర్చుకున్నాడట. కుట్టించింది బడిలో వ్యాయామం నేర్పే సారే. అది చదివాక మా ఊరి జిన్నింగు మిల్లులో పత్తి వ్యర్థం అడిగి నాలుగు బస్తాలు తెచ్చాను. గోతాలు కుట్టే పని మొన్నే మొదలైంది. హైజంప్ పరుపు కోసం నేను పెట్టిన అర్జీకి మూడేళ్లు నిండాయి.

ఇట్లు,
ఒక పీఈటీ సార్