ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మా తమ్ముడు మత్తుకు బానిసయ్యాడు, నేను కాలేదు. ఒకే తల్లి, ఒకే ఇల్లు. వాడికి బుద్ధి లేదని చుట్టాలు తేల్చేశారు. మీ పోస్టర్లు చెప్పేదీ అదే, కాస్త మర్యాదగా.

2012లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు వ్యసనపరుల మెదళ్లనూ, వాళ్ల తోబుట్టువుల్లో వ్యసనం లేనివారి మెదళ్లనూ స్కాన్ చేసి పోల్చారు. మనల్ని మనం ఆపుకోవడానికి తోడ్పడే భాగాల్లో, బయటి ఆరోగ్యవంతులతో పోలిస్తే, ఇద్దరికీ ఒకే రకం తేడాలు కనిపించాయి. అంటే ఆ లోపం నాలోనూ ఉండొచ్చు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అంతకు పదేళ్ల ముందు కోతుల మీద పెట్ స్కాన్‌తో (మెదడులో రసాయనాల పనితీరు చూపే స్కాన్) జరిగిన పరిశోధన ఇంకా ఆశ్చర్యం. విడివిడిగా ఉన్నప్పుడు వాటి మెదళ్లలో డోపమైన్ డీ2 గ్రాహకాలు, అంటే ఏదైనా కావాలనిపించేలా చేసే డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే భాగాలు, ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. గుంపులో కలిపాక, పెత్తనం దక్కిన కోతుల్లో అవి పెరిగాయి. అణిగి ఉన్నవాటిలో పెరగలేదు. కొకైన్ అందుబాటులో పెడితే ఎక్కువగా తీసుకున్నవి ఆ అణిగినవే! జన్యువులు అవే, మారింది బతుకు.

వ్యసనంలో జన్యువుల వాటా సుమారు సగం అంటారు. మిగతా సగం మీ చేతుల్లో ఉంది సార్. స్కాన్ బొమ్మలతో జనాన్ని భయపెట్టకండి. అవి గుంపుల సగటు తేడాలు, ఒక మనిషి జాతకం కాదు. చికిత్స ముగిసినవాళ్లకు ఉండటానికి చోటు, చేయడానికి పని చూపించండి. వాళ్ల తోబుట్టువులకూ కౌన్సెలింగ్ ఇప్పించండి. మమ్మల్ని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు.

ఇట్లు,
ఒక అక్క