పర్లాకిమిడి నుంచి ఉన్నత విద్యాశాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ.

నెట్ అనే జాతీయ అర్హత పరీక్షతో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. నెట్ లేకపోయినా కేంద్ర విశ్వవిద్యాలయంలో చేరితే 8,000. నాలాగా ఆ రెండూ లేనివాళ్లకు? జేబులోంచే.

పని మాత్రం ఉంది. వారానికి రెండు మధ్యాహ్నాలు డిగ్రీ పిల్లల చేత టైట్రేషన్ (ద్రావణం గాఢత కొలిచే ప్రయోగం) చేయిస్తాను. అందులో వాడే బ్యూరెట్ అనే గాజు గొట్టం ముక్కు పగిలితే రబ్బరు ట్యూబు, క్లిప్పు పెట్టి సర్దేదీ నేనే. దీనికి పైసా లేదు. అదే, గేట్ అనే ప్రవేశ పరీక్షతో ఎంటెక్‌లో చేరినవాళ్లకైతే నెలకు 12,400 ఇచ్చి ఇలాంటి సాయమే చేయించుకుంటారు.

ఒక స్కాలర్‌షిప్‌కి పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం: సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనక. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందే కదండీ ఉండేది! అఫిడవిట్ చేయించేసరికి గడువు దాటిపోయింది.

ల్యాబ్ తరగతులు తీసుకునే పరిశోధకులకు అసిస్టెంట్‌షిప్ పెట్టండి. ఎంతిచ్చినా నెలనెలా ఇవ్వండి. మెస్ బిల్లు ఏడాదికోసారి రాదు. పేరు తేడా ఉంటే సరిచేసుకోవడానికి పదిహేను రోజులైనా గడువివ్వండి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి