ఒరేయ్ శీనుగా, ఆ సాలీడు చూపు తిప్పిందిరా!

ఒరేయ్ శీనుగా,

నీ ఉత్తరాలకి జవాబు బాకీ పడ్డాను, తిట్టుకోకు, రాద్దాం రాద్దాం అనుకుంటూనే నెల తిరిగిపోయింది. నాన్న కంటి ఆపరేషన్ బాగా అయింది, ఇప్పుడు దూరంగా కనిపించే ప్రతి బోర్డూ పైకి చదివి మాకు వినిపిస్తున్నాడు. చెల్లి ఉద్యోగం మారింది, ఆ కథంతా అదే రాస్తానంది నీకు. నా పని మామూలే. వార్తలు అయిపోయాయి, ఇంక అసలు సంగతికి వస్తా, ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

గెంతే సాలీడు లేదూ, జంపింగ్ స్పైడర్, మనం గోడ మీద చూసి గంటలు గంటలు కూర్చునేవాళ్ళం, అదే జాతిది ఒకటి పెరట్లో మందార మొక్క మీద కాపురం పెట్టింది. ఆరు మిల్లీమీటర్లు ఉంటుందేమో అంతే. వాన వెలిసి ఎండ వచ్చిన పొద్దున ఆకు అంచుమీదకి వచ్చి కూర్చుంది, ముందు కాళ్ళు రెండూ కొంచెం పైకెత్తి, మొహం మీద తెల్లటి వెంట్రుకలు తడి ఆరి ఒక్కొక్కటీ విడివిడిగా లేస్తున్నాయి. కెమెరా తీసుకుని పరిగెత్తా. 100 ఎంఎం మాక్రో లెన్స్, ఇంకా పెద్దగా కనబడాలని దాని ముందు రేనాక్స్ 250 అద్దం క్లిప్ చేశా, ఫ్లాష్ మీద వెలుతురు మెత్తబరచడానికి మనం చేసుకున్న ఆ డిఫ్యూజరే (పసుపు గొడుగు రోజు చేసింది, అవును, ఇంకా బతికే ఉంది).

ఇప్పుడు నువ్వు అంటావు ట్రైపాడ్‌ని, అదే మన ముక్కాలి బాబాయ్‌ని తీసుకెళ్ళలేదా అని. తీసుకెళ్ళలేదు, ఎందుకో ఈసారి పూర్తిగా విను. 1:1 దగ్గర, అంటే సాలీడు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే పడేచోట, ఎఫ్8 (లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత కొలత, అంకె పెరిగితే కంత చిన్నది) పెడితే, షార్ప్‌గా వచ్చే మందం 1 మిల్లీమీటరు. రేనాక్స్ పెట్టి 2:1 కి, అంటే రెట్టింపు సైజుకి వెళితే అర మిల్లీమీటరు కూడా ఉండదు. అపెర్చర్, అదే ఆ కంత, ఇంకా మూసేద్దామంటే, 1:1 లో ఎఫ్8 అని పెట్టినా లెన్స్ అప్పటికే ఎఫ్16 లాగా పనిచేస్తోంది, అక్కడినించి ఇంకా బిగిస్తే డిఫ్రాక్షన్ వచ్చి, అంటే చిన్న కంతలోంచి వచ్చే వెలుతురు చెదిరి, ఆ వెంట్రుకలన్నీ మెత్తగా అయిపోతాయి. అంటే నా చేతిలో ఉన్నది ఆ అర మిల్లీమీటరే, ఆ సాలీడేమో పట్టుమని రెండు సెకన్లు ఒకచోట ఉండదు, నువ్వు ట్రైపాడ్ కాళ్ళు సర్దుకుని స్క్రూ బిగించేలోపు అది పక్క కొమ్మ మీద ఉంటుంది. పైగా ఆకు గాలికి ఊగుతుంది కదా, ట్రైపాడ్ ఎంత స్థిరంగా నిలబడితే ఏం లాభం, ఊగేది అవతలిది.

అందుకే నేను చేసేది ఇదీ. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆకు కాడ పట్టుకుంటా, మెల్లిగా, సాలీడికి తెలియనంత మెల్లిగా. లెన్స్ ముందు భాగాన్ని అదే చేతి మణికట్టు మీద ఆనిస్తా. అప్పుడు గాలి వచ్చినా ఆకూ లెన్సూ కలిసే కదులుతాయి. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఫోకస్ రింగు ముట్టుకోకుండా ఒళ్ళంతా వెంట్రుకవాసి ముందుకి వంచుతా, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబడతామే అలా. కళ్ళు షార్ప్ అయ్యే క్షణానికి కొంచెం ముందే నొక్కాలి, షార్ప్ అయ్యాక నొక్కితే అది దాటిపోతుంది. షటర్ 1/200 పెట్టా కానీ ఫొటోని ఆపేది షటర్ కాదులే, ఫ్లాష్ 1/32 పవర్‌లో ఆ మెరుపు సెకనులో పదివేలో వంతు దరిదాపు ఉంటుంది, చెయ్యి కొంచెం వణికినా అందులో పట్టుబడదు.

సరే. తీశా. చాలా తీశా. సాయంత్రం కంప్యూటర్లో వేసుకుని ఒక్కొక్కటీ చూస్తున్నా.

శీనూ, ఒక ఫ్రేములో మొహం నేరుగా నా వైపే, ముందు పెద్ద కళ్ళు రెండూ నల్లగా నిగనిగలాడుతున్నాయి, కళ్ళలో డిఫ్యూజర్ చతురస్రం తెల్లగా. పక్క ఫ్రేముకి వెళ్ళా, తల కదల్లేదు, కాళ్ళు కదల్లేదు, మీసం దగ్గర వెంట్రుక కూడా అక్కడే ఉంది, కానీ కళ్ళ రంగు మారిపోయింది! రెండు కళ్ళలోనూ ఒక పక్కన తేనెరంగు, నలుపు రెండో పక్కకి జరిగింది. మొదట వెలుతురు మారిందేమో అనుకున్నా. కానీ వెలుతురంతా ఫ్లాష్‌దే, పవర్ అదే, డిఫ్యూజర్ తెల్లమచ్చ కూడా కంట్లో ఉన్నచోటే ఉంది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ మార్చి చూస్తూ కూర్చున్నా, అన్నానికి పిలిచినా లేవలేదు.

దాని కన్ను మన కన్నులా గుండ్రంగా తిరగదు కదా, లెన్సు తల పెంకుకి అతికి ఉంటుంది. లోపల మాత్రం ఒక్కో పెద్ద కంటి వెనకా పొడుగాటి గొట్టం, ఆ గొట్టం చివర చిన్న రెటీనా, గొట్టాన్ని అటూ ఇటూ తిప్పడానికి ఆరు కండరాలు. గొట్టం మన వైపు సూటిగా ఉంటే లోపలి నలుపు కనబడుతుంది, పక్కకి తిరిగితే గొట్టం గోడ లేతరంగులో కనబడుతుంది. అంటే కన్ను నల్లగా ఉన్నప్పుడు అది నన్నే చూస్తోంది. తేనెరంగు వచ్చినప్పుడు ఇంకేదో చూస్తోంది. మిగతా ఆరు కళ్ళలో ఎక్కువవి చుట్టూ ఏం కదులుతోందో కనిపెడతాయి, ఈ రెండేమో ఒక్క చిన్న ముక్కని మాత్రం ఎంతో స్పష్టంగా చూస్తాయి, అందుకే ఆ ముక్కని జరుపుకుంటూ జరుపుకుంటూ మొత్తం చూడాలి. పుస్తకంలో ఈ సంగతి ఎప్పుడో చదివిందే. కానీ నేను తీసిన ఫొటోలో, నా బొటనవేలు ఉన్న వైపుకి దాని చూపు జరగడం, అది వేరురా, అది...

మర్నాడు ఊరుకోగలనా. మళ్ళీ వెళ్ళా, ఈసారి తీయడం కన్నా చూడడమే పని. వ్యూఫైండర్లో కన్ను నిండుగా పెట్టుకుని, ఎడమచేతి చిటికెనవేలు కొంచెం కదిపా. నలుపు మెల్లిగా అటు జారింది. ఆపేశా. కాసేపటికి తిరిగి మధ్యకి వచ్చింది, అంటే తిరిగి నా లెన్స్ వైపు. ఒళ్ళు గగుర్పొడిచింది శీనూ, నిజం. తర్వాత ఏమనుకుందో, ఆకు మీద దారం అతికించుకుని (గెంతేముందు ఎప్పుడూ చేస్తుంది కదా, జారినా వేలాడడానికి) ఒక్క గెంతు, డిఫ్యూజర్ అంచు మీద వాలింది. వెనక కాళ్ళలో గెంతడానికి పెద్ద కండలేం ఉండవు, ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి తోసి చాచేస్తుంది, అంతే. ఆకుకీ డిఫ్యూజర్‌కీ మధ్య ఆ దారం ఎండలో తళుక్కుమంది. దాన్ని తెంపకుండా దాదాపు ఊపిరి లేకుండా నిలబడ్డా, అది తీరిగ్గా దారం పట్టుకుని వెనక్కి వెళ్ళేదాకా.

ఇంకోటి చెప్పాలి, కోపంతో చెప్తున్నా. పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి బిగుసుకుపోయాక తీసేవాళ్ళున్నారు, చచ్చినవాటిని పిన్నుకి గుచ్చి వంద ఫ్రేములు తీసి స్టాక్ చేసేవాళ్ళున్నారు, అంటే అన్నీ కలిపి ఒకే ఫొటోగా చేసేవాళ్ళు. చచ్చినవాటి ఫొటోలు మ్యూజియం పనికి కావాలి, కాదనను, ప్రతి వెంట్రుకా అందులోనే తెలుస్తుంది. కానీ బతికున్నదాన్ని చలికి మొద్దుబార్చి, దాన్ని ప్రకృతి ఫొటో అని చూపించడం నాకు అస్సలు నచ్చదు. ఆ కన్ను దేన్నీ చూడట్లేదు కదరా అందులో! నాకైతే సగం కాలు ఫోకస్ బయటికి పోయినా పర్లేదు, చూస్తున్న కన్ను కావాలి.

తర్వాత రెండు రోజులు కుండపోత. మొక్క దగ్గరికి వెళితే లేదు. ఆకులన్నీ వెతికా, కింద మట్టిలో కూడా, మనసంతా ఎలాగో అయిపోయింది, కప్పగారి సంగతి గుర్తొచ్చింది, నీకు తెలుసుగా. చివరికి చుట్టుకుపోయిన ఒక ఆకు కాస్త విప్పబోయి ఆగిపోయా, లోపల తెల్లటి పట్టు గూడు, దాంట్లో ఇది, ముడుచుకుని పడుకుంది! ఫొటో తీయలేదు, ఫ్లాష్ వేసి నిద్ర చెడగొట్టడమెందుకు.

నువ్వు ఈసారి రా. ట్రైపాడ్ తెచ్చుకో కావాలంటే, బాబాయ్‌కి నీడలో కుర్చీ వేస్తా. కాడ పట్టుకోవడం నేను నేర్పిస్తా, ఒక పూటలో వచ్చేస్తుంది నీకు, నీ చెయ్యి నాకంటే నిలకడ. నాన్నకి కూడా ఆ రెండు ఫ్రేములూ చూపించా, ఆయన ఏమన్నాడంటే... అది పెద్ద కథ, ఫోన్లో చెప్తా.

ఫైళ్ళు విడిగా పంపిస్తున్నా, రా (RAW) ఫైళ్ళే, కెమెరా ఇచ్చినవి ఇచ్చినట్టే, నేనేం ముట్టుకోలేదు. ముందు నల్లకళ్ళది తెరువు, తర్వాత దాని పక్కది, ఎడమకంటి లోపలి అంచు దగ్గర చూడు, అక్కడినించే మొదలవుతుంది. ఇంకా రాయాల్సింది బోలెడు, ఆడదా మగదా ఎలా కనుక్కున్నానో కూడా, కానీ కింద ఎవరో బెల్ కొడుతున్నారు, ఉంటా, జవాబు వెంటనే రాయి,

నీ
బుజ్జిగాడు