ఆపరేషన్‌కి ముందు ఆ రక్తపరీక్ష అడగమన్న, మన విహెచ్‌ఎల్ కుటుంబాల సంఘంలోని మీ అందరికీ

నాలుగు నెలలుగా రాద్దామనుకుంటూనే ఉన్నాను. కూర్చున్న ప్రతిసారీ ఎవరితో మొదలుపెట్టాలో తెలియక లేచిపోయాను. పేర్లు రాయొద్దని మీలో చాలామంది ముందే చెప్పారు కాబట్టి రాయడం లేదు, చదువుతుంటే ఎవరి గురించి అంటున్నానో మీకే తెలిసిపోతుంది. మావారు నిన్న చేతికర్ర లేకుండా మేడ మెట్లు ఎక్కారు. కుడికాలు ఇంకా కొంచెం ఈడుస్తున్నారు, ఫిజియోథెరపీ ఇంకొన్ని నెలలు సాగుతుందట, అయినా ఎక్కారు. పైకి వెళ్లి అక్కడినుంచి నన్ను పిలిచారు. ఆ పిలుపు విన్నాక ఇక ఆగకూడదనిపించింది.

మాది విహెచ్‌ఎల్ ఉన్న ఇల్లు. ఒంట్లో చాలాచోట్ల గడ్డలు పుట్టించే వంశపారంపర్య జబ్బు ఇది, పూర్తి పేరు వాన్ హిప్పెల్ లిండౌ. ఇద్దరు డాక్టర్ల పేర్లవి. కంట్లో వచ్చే గడ్డల గురించి జర్మనీకి చెందిన హిప్పెల్ ముందుగా, చిన్నమెదడులో వచ్చే గడ్డల గురించి స్వీడన్‌కి చెందిన లిండౌ 1926లో రాశారు, రెండూ ఒకే జబ్బులోవని తేల్చింది లిండౌ. సుమారు 36,000 మందిలో ఒకరికి ఉంటుందంటారు. అంత అరుదు కాబట్టే చాలామంది డాక్టర్లు చదువుకునేటప్పుడు పేరు విని ఉంటారు తప్ప పేషెంటుని చూసి ఉండరు. ఇది నేను తప్పుగా అనడం లేదు, మా ఇంట్లో జరిగిందే చెప్తున్నాను.

మావారికి 31 ఏళ్లప్పుడు తలనొప్పి మొదలైంది. మైగ్రేన్ అనుకుని చాలా నెలలు మాత్రలు వాడాం. తర్వాత పొద్దున లేవగానే వాంతులు, నడుస్తుంటే ఒక పక్కకి తూలడం. అప్పుడు ఎమ్మారై తీస్తే చిన్నమెదడులో నీటితిత్తితో కలిసిన గడ్డ. ఆపరేషన్ చేసి తీసేశారు, క్యాన్సర్ కాదన్నారు, ఇక దీని సంగతి మర్చిపొమ్మన్నారు. మేమూ మర్చిపోయాం. నాలుగేళ్ల తర్వాత ఎడమ కన్ను ఒక మూల మసకగా ఉందంటే అద్దాలు మార్పిద్దామని వెళ్లాం, ఆ కంటి డాక్టరు లోపల చాలాసేపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, మీ ఇంట్లో ఇంకెవరికైనా కళ్లు పోవడం, మెదడులో గడ్డలు, కిడ్నీ క్యాన్సర్ ఉన్నాయా అని అడిగారు. మా మామగారు 44 ఏళ్లకే కిడ్నీ క్యాన్సర్‌తో పోయారు. ఆయన చెల్లెలికి పాతికేళ్లకే ఒక కన్ను పోయింది. ఈ మూడింటినీ కలిపి చూడాలని అంతవరకూ ఎవరికీ తోచలేదు, మాకూ తోచలేదు. ఆ డాక్టరుగారు అడగకపోతే ఇవాళ ఈ ఉత్తరం లేదు, ఆవిడకి నా మొదటి నమస్కారం.

జెనెటిక్ టెస్ట్ రిపోర్ట్ వచ్చిన రాత్రి నేను చేసిన పని ఇంకెవరూ చేయకండి. ఒంటరిగా కూర్చుని తెల్లవారేదాకా ఏవేవో చదివాను. కన్ను, మెదడు, వెన్నుపాము, కిడ్నీలు, క్లోమం, అడ్రినల్ గ్రంథులు, లోపలి చెవి, ఇన్ని చోట్ల గడ్డలు రావొచ్చని చదివాక, నిద్రపోతున్న మనిషిని చూస్తూ ఏ చోట ఏముందో అనుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు మన కుటుంబాల సంఘం నుంచి అక్క ఫోన్ చేశారు. నేను ఏడుస్తుంటే ఆపలేదు, ఏడవనిచ్చారు. తర్వాత అడిగిన మొదటి మాట, పాత స్కాన్ రిపోర్టులన్నీ ఒకచోట ఉన్నాయా అని. లేవు. సగం బీరువాలో, సగం ఆస్పత్రి కవర్లలో, కొన్ని అసలు తెచ్చుకోనేలేదు. ఆ వారం అంతా అక్క రోజూ ఫోన్ చేసి నాతో ఒక ఫైలు తయారు చేయించారు. ఒక్కో అవయవానికి ఒక్కో కాగితం, అందులో తేదీ, గడ్డ ఎక్కడుంది, ఎన్ని మిల్లీమీటర్లు, ఎవరు చూశారు. అప్పుడు నాకు అది అనవసరమైన పనిలా అనిపించింది, గుండె పగిలిపోతుంటే కాగితాలు సర్దమంటున్నారేంటని. ఇప్పుడు తెలుసు, నా చేతులకి ఏదో ఒక పని ఇచ్చారు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఆ ఫైలు చూసి, ఎవరు రాశారమ్మా అని అడుగుతున్నారు.

మన సంఘంలోని మాస్టారి గురించి చెప్పాలి. మా అత్తయ్యగారు ఆ రిపోర్ట్ వచ్చినప్పటి నుంచి సరిగా అన్నం తినలేదు. కడుపుతో ఉన్నప్పుడు తను ఏదో తప్పు చేశానని, అందుకే కొడుక్కి ఇలా అయిందని ఆవిడ భయం. నేను ఎంత చెప్పినా కోడలు ఊరడిస్తోందనే అనుకునేవారు. మాస్టారు గంటన్నర సేపు ఆవిడతోనే మాట్లాడారు. మూడో క్రోమోజోమ్ మీద ఒక జీన్ ఉంటుందమ్మా, అందరికీ రెండు కాపీలు ఉంటాయి, మీవారికి ఒకటి పాడైపోయి ఉంది, పిల్లలకి ఏ కాపీ వెళ్తుందో ఎవరి చేతిలోనూ లేదు, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం, అంతే. ఈ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి అమ్మానాన్నల్లో ఎవరికీ లేకుండా కొత్తగా వస్తుంది, వాళ్లు ఏ తప్పు చేశారని వచ్చింది చెప్పండి అని అడిగారు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం పెట్టమని తనే అడిగారు.

నాకు కూడా ఆ రోజే ఈ జబ్బు అర్థమైంది. ఆ జీన్ తయారుచేసే ప్రొటీన్ పని ఏంటంటే, ఆక్సిజన్ బాగానే ఉన్నప్పుడు, ఆక్సిజన్ తగ్గిందని చెప్పే ఇంకో ప్రొటీన్‌ని ఎప్పటికప్పుడు పారేయించడం. రెండో కాపీ కూడా ఏదో ఒక కణంలో పాడైతే పారేయించేవాళ్లు ఉండరు. చుట్టూ ఆక్సిజన్ ఉన్నా ఆ కణం ఊపిరాడటం లేదనుకుని కొత్త రక్తనాళాలు తెమ్మని అడుగుతూనే ఉంటుంది. అందుకే ఈ గడ్డల నిండా రక్తనాళాలే. కణం ఆక్సిజన్‌ని ఎలా పసిగడుతుందో కనిపెట్టినందుకే 2019లో కెలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకి నోబెల్ ఇచ్చారు, అందులో కెలిన్ ఈ విహెచ్‌ఎల్ ప్రొటీన్ మీదే పనిచేశారు. మాలాంటి ఇళ్ల జబ్బు మీద జరిగిన పని అక్కడిదాకా వెళ్లిందని మాస్టారు చెప్తుంటే, ఎందుకో కొంచెం ధైర్యం వచ్చింది.

ఇక అన్నయ్యా, మీ గురించి. ఎంత రాసినా తక్కువే, అయినా రాస్తాను, ఎందుకంటే ఇది చదివే ప్రతి కుటుంబానికీ ఈ విషయం తెలియాలి.

పోయిన ఏడాది మావారికి కుడికాలు తిమ్మిరెక్కడం, చెప్పు జారిపోతున్నా తెలియకపోవడం మొదలైంది. వెన్నుపాములో గడ్డ, దాని పైనా కిందా నీరు. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చేశారు. ఆ మాట చెప్పడానికే మీకు ఫోన్ చేశాను. మీరు వెంటనే, ఫియో టెస్ట్ చేశారా అన్నారు. నాకు ఆ పేరే కొత్త. బీపీ ఎప్పుడు చూసినా నార్మల్‌గానే ఉంటుందన్నయ్యా అన్నాను. బీపీ నార్మల్‌గా ఉన్నా ఫియో ఉండొచ్చమ్మా అన్నారు మీరు. ఫియోక్రోమోసైటోమా అంటే అడ్రినల్ గ్రంథిలో వచ్చే గడ్డ, అది అడ్రినలిన్ లాంటి హార్మోన్లని ఒక్కసారిగా వదులుతుంది, మత్తు ఇచ్చినప్పుడో ఆపరేషన్ మధ్యలోనో అలా వదిలితే బీపీ ఆకాశానికి పోయి ప్రాణం మీదకి వస్తుంది. ఎంత చిన్న ఆపరేషన్ అయినా, కాన్పు అయినా, విహెచ్‌ఎల్ ఉన్నవాళ్లకి ముందు ఈ పరీక్ష కావాలి. మీ చెల్లెలికి ఆపరేషన్ బల్ల మీద ఏం జరిగిందో అప్పుడే చెప్పారు. మీ గొంతు మారిపోయింది. అది మళ్లీ మళ్లీ తలుచుకోవాల్సి వస్తుందని తెలిసి కూడా ప్రతి కొత్త కుటుంబానికీ చెప్తున్నారు కదా, అందుకు మీకు నేను ఏం ఇవ్వగలను.

ప్లాస్మా మెటానెఫ్రిన్స్ అనే ఆ రక్తపరీక్ష పేరు మీరు ఒక్కో అక్షరం చెప్తుంటే నేను రాసుకున్నాను. డాక్టరుగారికి ఎదురు చెప్పినట్టు ఉంటుందేమోనని నాకు భయం. ఎలా అడగాలో కూడా మీరే నేర్పారు: సార్, మావారికి విహెచ్‌ఎల్ ఉంది కదా, మత్తు ఇచ్చే ముందు ఫియో లేదని తేల్చుకుందామా. అంతే. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, రిపోర్టులు మళ్లీ తిరగేసి, అవును, చేయించాలి అన్నారు. రిజల్ట్ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. స్కాన్‌లో ఎడమ అడ్రినల్‌లో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి చెమటలు పట్టి, గుండె దడదడలాడి, ముఖం పాలిపోయేది ఆయనకి, అదంతా ఆఫీసు టెన్షన్ అనుకున్నాం ఇన్నాళ్లూ.

వెన్ను ఆపరేషన్ వాయిదా వేసి, ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టరు ముందు ఆల్ఫా బ్లాకర్ అనే బీపీ తగ్గించే మందు మొదలుపెట్టారు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ ముందుగా ఒక్కటే ఇస్తే బీపీ ఇంకా పెరిగే ప్రమాదం ఉందట, అవసరమైతే అది తర్వాతే. రెండు వారాల పైన ఆ మందుల మీద ఉంచి, నీళ్లు, ఉప్పు ఎక్కువ తీసుకోమని, అప్పుడు గడ్డని తీశారు. గ్రంథి మొత్తం కాకుండా గడ్డ వరకే తీసి మిగతాది కాపాడారు. రెండో పక్క కూడా ఎప్పుడైనా రావొచ్చు కాబట్టి ఉన్నదాన్ని ఎంత కాపాడితే అంత మంచిది, రెండూ పోతే జీవితాంతం స్టెరాయిడ్ మాత్రలే. ఆరు వారాల తర్వాత వెన్ను ఆపరేషన్. బల్ల మీద బీపీ కదలలేదని మత్తు డాక్టరుగారు బయటకి వచ్చి మరీ చెప్పారు. నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. అక్క నా పక్కనే ఉన్నారు, పొద్దున ఆరింటి నుంచి.

పిల్లల సంగతి. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి ఐదు. టెస్ట్ చేయించాలా వద్దా అని నెలల తరబడి నలిగిపోయాను. తెలియకపోతేనే హాయి కదా అనిపించేది. మీరు ఎవరూ తొందరపెట్టలేదు, జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి పంపారు, ఆవిడ ఒక్క మాట అన్నారు: తెలిస్తే ఏం చేస్తామో ఈ జబ్బులో మనకి తెలుసు. నిజమే. కంటి పరీక్ష పసితనం నుంచే మొదలవ్వాలి, రెటీనాలో గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే చాలాసార్లు లేజర్‌తో సరిపోతుంది. బీపీ ఏటా, ఐదేళ్ల నుంచి ఫియో రక్తపరీక్ష, 11 ఏళ్ల నుంచి మెదడు, వెన్నుపాము ఎమ్మారై, వినికిడి పరీక్ష, 15 నుంచి కడుపు ఎమ్మారై. మాకు ఇచ్చిన ప్లాన్ ఇది, మీ పిల్లలకి మీ డాక్టరు కొంచెం అటూఇటూ మార్చొచ్చు.

పాపకి ఉంది. బాబుకి లేదు.

బాబుకి లేదన్నప్పుడు సంతోషపడటానికి కూడా సిగ్గేసింది నాకు, పాప ముఖం చూడలేకపోయాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, మీలో ఒక అమ్మకి తప్ప. ఆవిడకి ముగ్గురు పిల్లలు, ఇద్దరికి ఉంది. లేనివాడికి జీవితాంతం ఈ స్కాన్లు అక్కర్లేదు కదమ్మా, ఆ ఒక్కడి విషయంలో సంతోషపడు, పాపకి అన్యాయం చేసినట్టు కాదు అన్నారు. పాపకి ఎలా చెప్పాలో కూడా ఆవిడే చెప్పారు, ఒకేసారి అంతా చెప్పకుండా, అడిగినదానికి అడిగినంత, అబద్ధం మాత్రం చెప్పకుండా. పాప అడిగింది ఒక్కటే, నాన్నకి ఉన్నదే నాకూ ఉందా అని. అవునన్నాను. అయితే నాన్నతో పాటు నేనూ డాక్టరు దగ్గరికి వస్తాను అంది.

మా మరిది చాలాకాలం వినలేదు. నాకేం లేదు వదినా, నేను బాగానే ఉన్నాను అనేవాడు. కోపం వచ్చింది నాకు, దాచుకోను. మీరు కోపంగా మాట్లాడొద్దని ఆపి, ఒక ఉత్తరం రాయడంలో సాయం చేశారు. మూడుసార్లు చింపి మళ్లీ రాయించారు. భయపెట్టే వాక్యాలన్నీ తీయించి, జీన్‌లో మార్పు ఏదో కాపీతో సహా పెట్టించారు, దాంతో ల్యాబ్‌లో అతనికి ఆ ఒక్క మార్పునే వెతికితే సరిపోతుందని. ఐదు నెలలకి వెళ్లాడు. రిజల్ట్ అతనిది, నేను చెప్పకూడదు, వెళ్లినందుకు మాత్రం మీకు థాంక్స్ చెప్పమన్నాడు.

మావారికి కుడి కిడ్నీలో 18 మిల్లీమీటర్ల గడ్డ ఉంది. క్యాన్సర్ కావొచ్చని తెలిసి కూడా తీయకుండా ఊరుకోవడమేంటని మా బంధువులందరూ అడుగుతున్నారు. మొదట్లో నేనూ అడిగాను. మూడు సెంటీమీటర్లు దాటే వరకూ సాధారణంగా కనిపెట్టుకుని ఉంటారు, అంతకంటే చిన్నవి శరీరంలో ఇంకోచోటికి పాకడం చాలా అరుదు, ప్రతి చిన్నదానికీ కోస్తూ పోతే కొన్నాళ్లకి కిడ్నీయే మిగలదు. ఈ లెక్క తెలిసినా స్కాన్ ముందు వారం నిద్ర ఉండదు. ఇరవై ఏళ్లుగా ఇలా చూపించుకుంటున్న పెద్దాయన ఒకరు ప్రతి స్కాన్ రోజూ పొద్దున్నే మావారికి ఫోన్ చేస్తారు, జబ్బు మాట ఎత్తరు, వేరే కబుర్లు చెప్పి పెట్టేస్తారు. మావారు ఆ ఫోన్ కోసం చూస్తారు.

బెల్జుటిఫాన్ మాత్ర గురించి కొత్తవాళ్లు అడుగుతుంటారు. 2021 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. వెంటనే ఆపరేషన్ అవసరం లేని కిడ్నీ, మెదడు, వెన్ను, క్లోమం గడ్డలకి. కొందరిలో గడ్డలు బాగా తగ్గుతున్నాయి. రక్తహీనత వస్తుంది, ఆక్సిజన్ పడిపోవచ్చు, గర్భంలో బిడ్డకి హాని. మావారికి ఇప్పుడు అవసరం లేదన్నారు డాక్టరు. ఆ మాత్ర వాడుతున్న ఇద్దరు మాతో మంచీ చెడూ రెండూ చెప్పారు, వాడమని గానీ వద్దని గానీ అనలేదు, అది నాకు చాలా నచ్చింది.

ఫోన్ ఎత్తే మనుషులు తక్కువైపోయారని అక్క మొన్న అన్నారు. కొత్తగా రిపోర్ట్ వచ్చిన కుటుంబాలకి మొదటి ఫోన్ చేసే పనిలో నన్నూ వేసుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకూ, మళ్లీ పిల్లలు పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఎంతసేపైనా. ఫైలు ఎలా కట్టాలో నాకు వచ్చు, ఖాళీ కాగితాలు ఇరవై సెట్లు గీతలు గీసి ఉంచాను, పాప అట్టల మీద అవయవాల పేర్లు రాసిపెట్టింది. అన్నయ్య చెప్పిన ఆ పరీక్ష పేరు మొదటి పేజీలో, ఎర్ర ఇంకుతో ఉంది.