నీళ్లు రాకముందే మా బొందలగడ్డను లెక్కపెట్టించండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పునరావాస మంత్రిగారికి,

పాలమూరు ముంపు ఊళ్లలో సమాధులు కట్టి పలకలు చెక్కేటోళ్లం దండం పెట్టి రాస్తున్నం. బొందలగడ్డ గురించి మూడు అర్జీలు పెట్టినం. ఒక్కదానికీ జవాబు రాలేదు. సర్వేలో చింతచెట్టుకు నంబరు పడ్డది, బోరుకు పడ్డది, పశువుల కొట్టానికి పడ్డది. సమాధులకు పడలేదు.

తూర్పు అంచున వేపచెట్టు కింద ఒక షాబాద్ పలక ఉన్నది. మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం. జననం 1969, మరణం 1991. భర్త ఊరు వేరే మండలమని రాసి ఉన్నది. అయినా ఆ బిడ్డ ఇక్కడే పండుకున్నది, ఎందుకంటే తొలి కాన్పుకు తల్లిగారింటికొచ్చి పానం విడిచింది. పక్కనే మూరెడు మట్టిదిబ్బ, చుట్టూ నాలుగు రాళ్లు. దానికి పేరు లేదు, పేరు పెట్టేదాకా బతకలేదు. పలక అడుగున "కట్టించినవారు: తమ్ముడు, బొంబాయి, 1998" అని ఉన్నది. వలసపోయి మట్టిపని చేసి, ఏడేండ్లకు అక్కకు రాయి పెట్టించిండు. తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత రాయించిండు. ఆ ఇల్లు ఎవరి రెక్కల మీద నడిచిందో ఆ వరుసే చెప్తది.

ఆమె పుట్టుక ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కలేదు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఇరవై రెండేండ్లు ఒక ఆడబిడ్డ ఇక్కడ బతికిందనడానికి 55 కిలోల ఆ రాయి తప్ప ఇంకేం లేదు సార్.

2013 భూసేకరణ చట్టం మీకు తెలియనిది కాదు. నాలుగో సెక్షన్ సామాజిక ప్రభావ అంచనాలో శ్మశానాలను చూడమన్నది. మూడో షెడ్యూల్ పునరావాస కాలనీలో ఆయా కులాల ఆచారాన్ని బట్టి పూడ్చే జాగ గానీ కాల్చే జాగ గానీ ఇవ్వమన్నది. మాకు కాలనీలో రెండు కాల్చే గద్దెలు కట్టిండ్రు. పూడ్చేటోళ్లు ఎటుపోవాలె? ముస్లింలు తల ఉత్తరానికి పెట్టి మొఖం పడమటికి తిప్పుతరు. లింగాయతులు కూసోబెట్టి పూడుస్తరు. తండాల్లో పెండ్లికాని పిల్లలను మన్నుల్నే పెడ్తరు. ఒక్కో బొందకు ఏడడుగులు, మూడడుగులు, మనిషి నడిచే సందు కావాలె. ఆ లెక్కన కొలిచినోళ్లు లేరు.

ఇప్పుడు పలకల సంగతి. జేసీబీతో ఒక్క రోజుల తీసేస్తమని కింది సిబ్బంది అంటున్నరు. దయచేసి ఆపండి. షాబాద్ రాయి పొరలు పొరలుగా ఉంటది, బకెట్ పన్ను తగిలితే పెచ్చు లేస్తది, అక్షరం ఉండేది ఆ పై పెచ్చులనే. గడ్డపార కింద దూర్చి ఎత్తినా నడుమకు విరుగుతది. నాలుగు పక్కల సిమెంటు అతుకును సన్న ఉలితో కోసి, తడి గోనెసంచులు వేసి, చెక్కలు దూర్చి లేపాలె. ఇద్దరు మనుషులు, గంటసేపు పని. లారీలో పండబెట్టొద్దు, గడ్డి వేసి అంచు మీద నిలబెట్టాలె.

అంతకన్నా ముందు అక్షరాలు చదవాలె. అవి నూలు లోతే, అంటే అంగుళంల ఎనిమిదో వంతే, చెక్కినయి. ఏటా వేసిన సున్నం పూడి కనబడకుండ అయినయి. ఇనుప బ్రష్షు పెట్టి రుద్దొద్దు. యాసిడ్ అసలే పొయ్యొద్దు, షాబాద్ సున్నపురాయి గాబట్టి పొంగి కరుగుతది. రాత్రంతా తడిగోనె కప్పి, పొద్దున వెదురు పుల్లతో తీస్తే సున్నం ఊడొస్తది. ఫొటో పొద్దున ఏడింటికో సాయంత్రం అయిదింటికో తీయాలె. ఎండ ఏటవాలుగా పడ్తేనే అక్షరం నీడ లేస్తది, మిట్టమధ్యాహ్నం తీస్తే ఉత్త తెల్లరాయే వస్తది. నంబరు ఎర్రరంగుతో పక్క అంచుకు వేయాలె, మొఖం మీద కాదు.

కొత్త జాగలో చదును చేసిన వదులు మన్ను మీద నిలబెడితే మొదటి వానకే ఒరుగుతది. గట్టినేల తగిలేదాక తవ్వి, కంకర దిమ్మిస చేసి, దాని మీద కూసోబెట్టాలె. ఎముకలు తీసుకపోతమన్నోళ్లకు ఇంటోళ్ల ముందరే తవ్వించాలె. వద్దన్నోళ్లు కొత్త కుండలో పిడికెడు మన్ను తీసుకపోతరు.

ఇది కొత్త పని కాదు. నాగార్జునసాగర్ నిండకముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయ తవ్వి, కట్టడాలను కొండ మీదికి చేర్చిండ్రు. ఆ లోయలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు పోతే ఆయన ఇంటి ఆడవాళ్లు పేర్లు చెక్కించి నిలిపిన ఛాయాస్తంభం, అంటే పోయినోళ్ల గుర్తుగా నిలిపే రాతికంబం, దొరికింది. పదిహేడు వందల ఏండ్ల కిందటి ఆ ఇంటి దుఃఖం ఈనాటికీ చదవొస్తది. శ్రీశైలం నీళ్లప్పుడు కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయికి నంబరు వేసి అలంపురానికి తెచ్చిండ్రు. రాజుకు అక్కచెల్లెండ్లు, రాణులు పెట్టిన రాయికి దొరికిన మర్యాద, అక్కకు వలస తమ్ముడు పెట్టిన రాయికి దొరకదా సార్?

వానలు పడకముందే లెక్క పెట్టించండి. ప్రతి పలక ఫొటో తీయించండి. పూడ్చే జాగ ఇప్పించండి. తీసే పని మాకియ్యండి, కూలి మీకు తోచినంత ఇయ్యండి, కానీ జేసీబీని మాత్రం పంపొద్దు. తేదీ ముందుగాల చెప్పండి. ఆ తమ్ముడు ఇంకా బొంబాయిలనే ఉన్నడు, పది దినాలకోసారి ఫోన్ చేసి ఎప్పుడు తీస్తున్నరని అడుగుతున్నడు. అతనికి ఏమని చెప్పాల్నో మీరే చెప్పండి.

ఇట్లు,
ముంపు ఊరి రాతిపనివాళ్లు, తాపీ మేస్త్రీలు
పాలమూరు జిల్లా