మిల్లే ‘పరిగె ఏరే స్త్రీలు’ నకలు: మొదలుపెట్టే ముందు చదవండి

అందరికీ నమస్కారం. ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే వేసిన, పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉన్న మూల తైలచిత్రం (1857) కొలత 83.5 × 110 సెం.మీ. మనం వేసేది అందులో సగం, 42 × 55. షాపులో దొరికే 40 × 50 కాన్వాస్ తెచ్చుకోకండి, నిష్పత్తి కుదరక కుడివైపు దూరంగా గుర్రం మీదున్న పెత్తందారు అంచుకు ఇరుక్కుపోతాడు. ఆయన, ఆ గడ్డివాములు లేకపోతే ముందు పరిగె ఏరుతున్న ముగ్గురు స్త్రీల పేదరికం ఎవరికీ తెలియదు.

5 సెం.మీ. గళ్లు గీసి, ముందు దిగంతరేఖ పెట్టండి. వంగిన ఇద్దరూ దానికి కిందే ఉండాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: తలలు పైకి లేపేస్తారు, నేలబరువు పోతుంది.

గెస్సో (కాన్వాస్‌కు ముందుగా వేసే తెల్లపూత) ఆరాక బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) టర్పెంటైన్‌లో పల్చగా కలిపి నేలపూత. మొదటి పొరల్లో లిన్సీడ్ (అవిసె) నూనె వద్దు, పైకి వెళ్లేకొద్దీ కొంచెం కొంచెం పెంచండి. ఈ వరస తిరగేస్తే పగుళ్లు ఖాయం. నీడలకు నలుపు ట్యూబు ముట్టొద్దు, అల్ట్రామెరీన్ (ముదురు నీలం), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) కలిపితే చాలు. ముఖాలు నీడలోనే ఉంచండి, అందంగా దిద్దకండి (పెళ్లి ఆల్బమ్ కాదుగా!). వెలుగంతా వెనకున్న కోతల మీదే. రంగులకు ఫోన్ తెరను నమ్మకండి, నీలం, ఎరుపు తలగుడ్డలు అందులో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

వార్నిష్ ఆర్నెల్ల తర్వాతే. మిల్లే సంతకం వేయొద్దు, వెనక ‘నకలు’ అని రాయండి. బెంగాల్ చిత్రకారుడు చిత్తప్రసాద్ కరువు బొమ్మలకు నకలు వేయొచ్చా అని అడిగినవాళ్లకు: ఆయన పోయింది 1978లో, కాపీరైట్ 2038 చివరిదాకా ఉంది. సాధనకు సరే, అమ్మకానికి కుదరదు.