పన్నెండేళ్ళ పాపాయికి ఇల్లు దొరికింది, ఇంకో ఇద్దరున్నారు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో ఇల్లు అద్దెకు, కారు అమ్మకానికి, వరుడు కావలెను వంటి ప్రకటనలు రోజూ చూస్తుంటాను. వాటి పక్కన ఇంకొక చిన్న ప్రకటనకు చోటు ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే పాపాయి సంగతి చెప్పాలి.

పాపాయి పిల్లి. వయసు పన్నెండేళ్ళు. తెలుపు మీద బూడిదరంగు మచ్చలు, ఎడమ చెవి కొసన చిన్న చిరుగు. నేను తపాలా శాఖలో 36 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మంగళవారం, ఆదివారం విశాఖ శివార్లలోని ఒక జంతువుల షెల్టర్‌కి వెళ్తుంటాను. గిన్నెలు కడగడం, పిల్లులు దొడ్డికెళ్ళే ఇసుక ట్రేలు మార్చడం, డాక్టరు గారు సూది వేసేటప్పుడు కదలకుండా పట్టుకోవడం నా పని. మొన్న వేసవిలో ఓ మంగళవారం వెళ్ళేసరికి మూల బోనులో ఒక పిల్లి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కార్డు మీద "పాపాయి, ఆడ, 12 ఏళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, యజమాని మరణించారు" అని రాసి ఉంది. బట్వాడా కాని ఉత్తరాల మీద మేమూ ఆ మాటే రాసి వెనక్కి పంపేవాళ్ళం. ఉత్తరానికైతే పంపినవాళ్ళ చిరునామా ఉంటుంది.

పాపాయిని పెంచిన పెద్దావిడ సీతమ్మధారలో ఒక్కరే ఉండేవారట. బెంగళూరు నుంచి కొడుకు వచ్చి, కర్మలు జరిపించి, ఫ్లాట్ ఖాళీ చేసే ముందు పిల్లిని షెల్టర్‌కి అప్పజెప్పారు. వాళ్ళింట్లో చిన్నపిల్లకి ఉబ్బసం ఉందట. కాగితం మీద సంతకం పెడుతూ కళ్ళు తుడుచుకున్నారని అక్కడివాళ్ళు చెప్పారు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. అట్టపెట్టెలో కుక్కి రాత్రిపూట గేటు ముందు వదిలేసి పోయేవాళ్ళను చూస్తున్నాం కదా. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. కానీ మొదటిసారి నేరానికి ఆ చట్టంలో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఈ రోజుల్లో దానికి ఎవరు భయపడతారు? ఆయన పగలు వచ్చి, పేరు చెప్పి, పిల్లి వయసు దాచకుండా చెప్పి ఇచ్చారు. అది చాలా పెద్ద సాయం.

మూడు రోజులు పాపాయి ఏమీ ముట్టలేదు. డ్రై ఫుడ్ పెడితే వాసన కూడా చూడలేదు. డాక్టరు గారికి టెన్షన్ పట్టుకుంది. మనుషుల్లా పిల్లి ఉపవాసాలు ఉండలేదట. కొన్ని రోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదకు వస్తుందట. కాస్త బొద్దుగా ఉన్న పిల్లులకు ఆ ప్రమాదం మరీ ఎక్కువని ఆవిడ చెప్పారు. పాపాయి బొద్దుగానే ఉంది. కొడుక్కి ఫోన్ చేస్తే, "అమ్మ ఏం పెట్టేదో నాకు సరిగ్గా తెలీదండీ" అని, వాళ్ళమ్మగారి ఇంట్లో పనిచేసిన ఆవిడ నంబరు ఇచ్చారు.

ఆవిడకి అంతా తెలుసు. "బాబూ, అది గిన్నెలో తినదు. కవళ్ళ చేపలు ఉడకబెట్టి, ముళ్ళు తీసి, అన్నంలో మెత్తగా పిసికి, ఆకులో పెట్టాల. అమ్మగారు పక్కన కూకుంటేనే తింతాది" అంది. అంతటితో ఆగలేదు. సాయంత్రం రెండు బస్సులు మారి తనే వచ్చింది. సంచిలో ఉడికించిన చేపలు, అమ్మగారి పాత నేత చీర ఒకటి తెచ్చింది.

ఆ చీర మడత పెట్టి బోనులో పరిచాం. కాసేపటిదాకా కదలిక లేదు. తర్వాత పాపాయి మెల్లగా ఇటు తిరిగింది. చీర అంచుకు ముక్కు ఆనించి అలాగే ఉండిపోయింది. ఒకచోట పాత పసుపు మరక ఉంది. అక్కడికొచ్చి ఆగి, నోరు కొంచెం తెరిచి గాలి పీల్చింది. ఆ తర్వాత చీర మీదకెక్కి, కళ్ళు మూసుకుని, ముందు కాళ్ళు రెండూ మార్చి మార్చి చపాతీ పిండి పిసికినట్టు పిసకడం మొదలుపెట్టింది. పక్కన నిలబడ్డ ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆ రాత్రి అరిటాకు ముక్కలో పెట్టిన అన్నం సగం తిన్నది. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అని చిన్నప్పటి నుంచీ విన్నాను, నేనూ అన్నాను. ఇక ఎప్పుడూ అనను.

తిండి మొదలయ్యాక ఇల్లు వెతకడం మొదలైంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ పిల్లికూనల కోసమే వస్తారు. పాపాయి బోను దగ్గర ఆగినవాళ్ళు కూడా కార్డు చదివి, "పన్నెండా? ఇంకెన్నాళ్ళు బతుకుతుందండీ?" అని ముందుకు వెళ్ళిపోయేవారు. ఇంట్లో పెరిగే పిల్లి బాగా చూసుకుంటే పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇరవై కూడా బతుకుతుంది. అమెరికాలో క్రీమ్ పఫ్ అనే పిల్లి 1967 నుంచి 2005 దాకా 38 ఏళ్ళు బతికి గిన్నిస్ రికార్డుకెక్కింది. అన్నీ అన్నేళ్ళు ఉంటాయని నేననను. పాపాయికి మూడేళ్ళే మిగిలి ఉన్నాయనుకుందాం. ఆ మూడేళ్ళూ బోనులో గడవాలా?

నెల తిరక్కుండా ఒక కుటుంబం ఇష్టంగానే తీసుకెళ్ళింది. ఐదో రోజు వెనక్కి తెచ్చేశారు. మంచం కింద దూరి బయటికి రావడం లేదని, ఒళ్ళు కాలుతోందని, పారాసెటమాల్ అరముక్క వేద్దామనుకుని ఎందుకో భయమేసి ఆగామని చెప్పారు. డాక్టరు గారు ఆ మాట విని కుర్చీలో కూలబడ్డారు. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. పారాసెటమాల్ మాత్రం పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు చంపడానికి. పిల్లులున్న ఇళ్ళవాళ్ళు దయచేసి ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ముందే కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పకపోవడం మా తప్పు. పన్నెండేళ్ళు ఒకే గడప తెలిసిన ప్రాణికి ఐదు రోజులు ఏం సరిపోతాయి?

చివరికి తీసుకెళ్ళింది గాజువాకలో ఉండే ఒక రిటైర్డ్ నర్సు. వయసు 67, భర్త పోయారు, పిల్లలు దూరంగా ఉన్నారు. ఆవిడ పిల్లికూనల వైపు చూడనే లేదు. పాపాయి దగ్గర స్టూలు వేసుకుని ముప్పావుగంట కూర్చున్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "అన్నయ్య గారూ, నా బెంగ ఒక్కటే. నేను ముందు పోతే దీని గతేంటి? మళ్ళీ ఇదే బోనా?" అని అడిగారు.

నేను దానికి జవాబు చెప్పలేకపోయాను. నాకు తెలిసిన వయసు మళ్ళినవాళ్ళు చాలామంది ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు. మా భార్య కూడా ఇదే అంటుంది. ఒంటరిగా ఉన్నవాళ్ళకు తోడు కావాలి. ముసలి పిల్లికి సందడి లేని ఇల్లు, రోజంతా ఇంట్లో ఉండే మనిషి కావాలి. ఇంతకన్నా కుదిరిన సంబంధం ఉండదు. మధ్యలో ఆ బెంగ ఒక్కటే అడ్డు. షెల్టర్ నడిపేవాళ్ళు ఆ రోజే కాగితం మీద రాసిచ్చారు, ఎప్పుడు ఏం జరిగినా పాపాయిని వెనక్కి తీసుకుంటామని, బోనులో కాకుండా ఎవరో ఒకరి ఇంట్లోనే ఉంచుతామని. ఆ "ఎవరో ఒకరి" పక్కన సంతకం పెట్టింది ఆ చీర తెచ్చిన ఆవిడే. పిలిపించలేదు, తనంతట తానే ఒప్పుకుంది.

ఈసారి అన్నీ చెప్పే పంపాం. నెల రోజులు ఒకే గదిలో ఉంచమన్నాం. చీర ఉతకొద్దన్నాం. మోకాళ్ళ నొప్పులు పిల్లులకీ వస్తాయి కాబట్టి ఇసుక ట్రే అంచు తక్కువగా ఉండాలి. ముసలి పిల్లులకు కిడ్నీ జబ్బు ఎక్కువగా వస్తుంది, నీళ్ళు మామూలు కంటే ఎక్కువ తాగుతుంటే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. "నాకు రోజుకి నాలుగు మాత్రలు, దానికి ఒకటి అవసరమైతే వేయలేనా?" అన్నారావిడ. తొమ్మిదో రోజు ఫోన్ చేశారు, రాత్రి మంచం కింద నుంచి బయటికొచ్చి నీళ్ళు తాగిందని. పదహారో రోజున, ఆకు దగ్గర తాను కూర్చుంటే తిన్నదని. ఇరవై మూడో రోజు ఫోన్‌లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "పాదాల దగ్గర పడుకుందండీ, కాళ్ళు కదపడానికి లేదు" అన్నారు చివరికి.

ఇప్పుడు నా విన్నపం. విశాఖ సంచికలో ఆదివారం నాడు రెండంగుళాల చోటు ఇవ్వండి. షెల్టర్లలో ఉన్న వయసు మళ్ళిన పిల్లి, లేదా కుక్క, వారానికి ఒక్కటి. ఫొటో, వయసు, ఏం తింటుంది, ఎవరి చేతిలో పెరిగింది. అంతే చాలు. ఎవరికీ డబ్బు వద్దు. వీధికుక్కల గొడవ వచ్చినప్పుడే జంతువుల వార్త పేపర్లో కనబడుతోంది.

పిల్లిని ఇచ్చేయక తప్పని పరిస్థితి ఎవరికైనా రావచ్చు. అప్పుడు చివరి రోజు దాకా ఆగకండి. ముందు నెలలోనే చెప్పండి, బోను చూడకుండానే ఇల్లు దొరకవచ్చు. అది ఏ పేరుకు పలుకుతుందో, ఏం తింటుందో, దేనికి భయపడుతుందో ఒక కాగితం మీద రాయండి, పడుకునే గుడ్డ ఉతక్కుండా ఇవ్వండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళయితే ఆ కాగితం ఇప్పుడే రాసి బీరువాలో పెట్టుకోండి, మీ పనమ్మాయికో పక్కింటివాళ్ళకో చూపించండి. సీతమ్మధార అమ్మగారి పిల్లి బతికింది ఆవిడ పనిమనిషికి అంతా గుర్తుండబట్టే.

షెల్టర్‌లో ఇప్పుడు ఇంకో ఇద్దరున్నారు. ఒకటి పదకొండేళ్ళ గోధుమరంగు ఆడపిల్లి. పెరుగన్నంతో పెరిగింది, చూపు మందగించింది. చేప, మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం అందకపోతే పిల్లులకు కళ్ళు, గుండె దెబ్బతింటాయని డాక్టరు గారు చెప్పారు. ఇప్పుడు చేప తింటోంది, గొంతు గుర్తుపట్టి వస్తోంది. రెండోది పద్నాలుగేళ్ళ నల్ల మగపిల్లి. ఇల్లు అమ్మేసి విదేశం వెళ్ళిపోయినవాళ్ళు ఇచ్చారు. నలుపని, ఎదురొస్తే మంచిది కాదని, దాని ముందు ఎవరూ ఆగడం లేదు. చేయి చాపితే తల తెచ్చి అరచేతిలో ఆనించి, బరువంతా వదిలేస్తుంది. ఆదివారం పది గంటల నుంచి నేను దాని దగ్గరే ఉంటాను. పక్కన ఇంకో స్టూలు ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
మర్రిపాలెం, విశాఖపట్నం